పన్నెండో వరసలో విడిమూలం

బొత్తం నొక్కిపట్టి, తీగ గుచ్చి, ఓదెలు మనసులో పది లెక్కపెట్టాడు. ఉనికిపెట్టె మీది దీపం ఒకసారి ఎర్రగా వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. పెట్టెలు బిగించిన మండలి తరఫున మరమ్మతుకు వచ్చిన అతనికి పొద్దుటి నుంచి ఇది ఆరో ఇల్లు.

"ఎప్పటి సంది ఇట్లున్నది?"

"పొద్దుగాల కరెంటు పోయినప్పటి సంది," అంది కనుకవ్వ.

ఆమె భర్త పోశాలు మంచం మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చిన ఛాతీ. ప్రతి ఊపిరికీ రెండు భుజాలూ పైకి లేస్తున్నాయి.

"కరెంటు పోతే పెట్టె చావదక్కా. కొత్త మూలం ఎక్కిచ్చేటప్పుడు పోతేనే చస్తది. ఏం ఎక్కిచ్చినవు?"

ఆమె పెట్టె వైపు చూసి కొంగు సర్దుకుంది.

"దాచుడెందుకే," అన్నాడు పోశాలు. "పెట్టె చెప్తనే ఉన్నది గద."

ఓదెలు తన పలకను పెట్టెకు కలిపాడు. జ్ఞాపకంలో సగం విడిమూలం, అంటే పెట్టెను నడిపించడానికి మండలి కాక జనమే రాసుకున్న ఆదేశాలు; మిగతా సగం ఖాళీ. ఆమె తీగతో పంపాల్సింది గాలిలో పంపింది. కొత్తవాళ్లు చేసే తప్పే. విడిమూలం కనిపిస్తే ఏం చేయాలో నియమావళిలో ఒకే వాక్యం ఉంది: తుడిచి, మండలి మూలం ఎక్కించి, ఇంటి సంఖ్య మండలికి పంపాలి. పన్నెండేళ్లలో ఓదెలు రెండు వందలకు పైగా ఇళ్ల సంఖ్యలు పంపాడు.

"ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పుతరు తమ్మీ. శనివారం శనివారం మా వరస సంఘంల పది మందిమి కూసోని మూలం లైను లైను రాసుకుంట చదివినం. ఒకరు చదువుడు, ఒకరు టిక్కు పెట్టుడు. సమజ్ కాకుంటే ముందుకు పోవుడు లేదు. పదకొండు వారాలు పట్టింది."

"పదకొండు శనివారాలు మాడిన పప్పే," అన్నాడు పోశాలు.

"మాడిందని గిన్నెల మిగిలిచ్చినవా?"

ఓదెలు నవ్వలేదు. "మండలి మూలానికేమైంది? ఊపిరి లెక్క మంచిగనే పెడ్తది గద."

అది నిజమే. ఇంట్లోని ఫోన్లకూ తెరలకూ సంకేతాలు పంచే పెట్టె అది. ఆ సంకేతం మనిషి ఛాతీకి తగిలి తిరిగివచ్చే తీరును బట్టి ఊపిరిని లెక్కిస్తుంది. దాని లెక్క తప్పదు.

"పెడ్తది. తక్కువైతే ఎవలకు చెప్తది? మండలికి," అంది కనుకవ్వ. "పోయిన నెల నేను వాకిట్ల ఉన్న. లోపల ఈన నీలమైండు. పెట్టెకు ఎరుక, నాకు ఎరుకలేదు. నలభై నిమిషాలకు మండలి మనిషొచ్చిండు. గోడకు అటు పెట్టె, ఇటు నేను. మా సంఘం రాసింది ఇంట్లనే మోగుతది. ఎప్పుడు మోగింది, ఎవలు చూసిన్రు, పాతయి కూడా ఈ వరస ఇండ్లల్ల అందరికి కనబడ్తయి. గింతే మేం చేసిన నేరం." కాస్త ఆగి అడిగింది. "నువ్వు చెప్పు. మీ ఇంట్ల పెట్టె ఎవలకు చెప్తది?"

"నాకే."

"నయం. ఇంట్ల ఎవలుంటరు?"

"ఎవరు లేరు."

మరమ్మతువాళ్లకు సొంత ఇంటి హెచ్చరిక నేరుగా పలక మీదికే వస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అందరూ దాని మోత ఆపేస్తారు. హెచ్చరిక తెరిస్తే చేతిలోని పని ఆగినట్టు నమోదవుతుంది, ఆ రోజు మార్కు పడిపోతుంది. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పే మొదటి పని అదే. ఓదెలు ముగ్గురికి నేర్పాడు.

రెండేళ్ల కింద భార్య సుగుణ జ్వరంతో పడుకున్న మధ్యాహ్నం, ఆమె ఊపిరి తగ్గుతున్నట్టు పలక మీద మూడుసార్లు వచ్చింది. మోత లేదు. కానీ చూశాడు, మూడుసార్లూ చూశాడు. ఆ సమయంలో నాలుగో వరసలో ఎవరింట్లోనో దీపం రంగు సరిచేస్తున్నాడు. తర్వాత నివేదికలో 'పెట్టె లోపం' అని రాశాడు. మండలి నమ్మింది, సానుభూతి పంపింది. పెట్టెలో ఏ లోపమూ లేదు. ఇప్పటికీ అదే పెట్టె గోడ మీద పనిచేస్తోంది.

"భార్య ఉండె," అన్నాడు తల ఎత్తకుండా. "పెట్టె చెప్పింది. చూసిన. పోలే."

కనుకవ్వ చేతిలో అతనికని పోసిన చాయ గ్లాసు ఉంది. ఆమె దాన్ని అతనికి ఇవ్వలేదు. మంచం కింద పెట్టింది. పోశాలు గోడ వైపు చూశాడు. ఓదార్పు మాట ఎవరూ అనలేదు. అనకపోవడమే సరైనదని ఓదెలుకు తెలుసు.

మూడోసారి బొత్తం నొక్కినప్పుడు దీపం వేగంగా కొట్టుకుంది. పెట్టె ఏ మూలం ఇచ్చినా తీసుకోవడానికి సిద్ధంగా ఉంది.

"మీ సంఘం మూలం ఇయ్యి."

ఆమె గోరంత చిప్పు ఇచ్చింది. "నిలుస్తదా?"

"మరమ్మతువాళ్ల ముద్ర లేకుంటే రేపటికి మండలి తుడుస్తది. నా ముద్ర ఏస్తే నిలుస్తది. ముద్ర ఉన్నది ఒక్క ఇంట్ల ఆగదక్కా. పెట్టె నుంచి పెట్టెకు దానంతట అదే పోతది."

"నీ కొలువు?"

"పోతది."

ఆమె వద్దనలేదు. "కానియ్యి మరి."

ముద్ర వేయడానికి ఓదెలు పలక మీద బొటనవేలు ఆనించాడు. ఈసారి తీగతోనే పంపాడు. నాలుగు నిమిషాలు పట్టింది. దీపం పచ్చగా నిలబడింది. పలక మీద పక్కింటి సంఖ్య వెలిగింది, తర్వాత ఆ పక్కింటిది.

వరస సగం దాటకముందే పర్యవేక్షకుడు నర్సింగరావు గొంతు పలకలోంచి వచ్చింది.

"ఓదెలూ, పన్నెండో వరసల నీ ముద్రతో ఏదో పాకుతున్నది. ఎవడో నీ ముద్ర దొంగిలిచ్చిండు. అట్లనే రాస్తున్న. నువ్వు ఊఁ అంటే చాలు, అంతా తుడిచేస్త."

"దొంగతనం కాదు సార్. నేనే ఏసిన."

"సోయిల ఉండి మాట్లాడు. ముద్ర నీదే అన్నవనుకో, విచారణ అయ్యేదాక మేం దాన్ని ముట్టుకునేతట్టు లేదు."

"ఎరుకే సార్."

తర్వాత నర్సింగరావు గొంతు తగ్గించాడు.

"పదమూడో వరసకు పోతున్నదిరా. నీ ఇల్లు అండ్లనే ఉన్నది. పాత లెక్కలన్నీ బయట పడ్తయి. నీ భార్య పోయిన రోజు నీ ఇంట్ల ఏం జరిగిందో వరసంతా చదువుతది. ఇంకా టైముంది, ఊఁ అను."

కనుకవ్వ అతని ముఖమే చూస్తోంది. ఓదెలు ఆమె వైపు తిరగలేదు.

"చదవనియ్యండ్రి సార్," అన్నాడు.