వంటావిడ పథ్యం

"నాలుగు వారాలకు తగ్గింది రెండు కిలోలేనా!" డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని బరువు యంత్రం మీది అంకెలు మళ్లీ చూసింది.

అత్తగారిని వెంటబెట్టుకొచ్చిన కోడలు ఓసారి దిగి మళ్లీ ఎక్కింది, అంకె మారలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో మూడు వందల మందికి వండే మనిషి ఆమె. మోకాళ్లు రెండూ అరిగిపోయి, నాలుగడుగులు వేస్తే ప్రాణం పోతోంది. పన్నెండు వారాల్లో పన్నెండు కిలోలు తగ్గితేనే ఆపరేషన్. లేకపోతే తేదీ ఇంకో ఏడాది వెనక్కి! ఏడాదిపాటు ఆ పొయ్యిల ముందు ఎలా నిలబడుతుంది? అందుకే డాక్టరమ్మ దగ్గరుండి మరీ కఠినమైన పథ్యం పెట్టింది. రోజుకు ఎనిమిది వందల కేలరీలు, అంతే! భోజనానికి బదులు నాలుగు పొట్లాల పోషకాల పొడి నీళ్లలో కలుపుకుని తాగాలి. వారం వారం రక్తపరీక్ష. అన్నం ముద్ద కాదు కదా, బిస్కెట్ ముక్క కూడా ముట్టకూడదు.

"మధ్యలో ఇంకేమైనా తింటున్నారా?"

"లేదండీ... నా బిడ్డ మీద ఒట్టు!"

ఇల్లు చేరి తలుపు తీయగానే అత్తగారు అందుకుంది. "పొడి నీళ్లు తాగేదానివి తగ్గవెందుకే? దొంగచాటుగా తింటున్నావు! నా దగ్గర కూడా దాపరికమా?"

"అత్తయ్యా... మీరు కూడా నమ్మరా!" కోడలు భోరుమంది. బస్సు డ్రైవరైన భర్త వైపు ఆశగా చూసింది. అతను కిక్కురుమనకుండా బూట్లు విప్పుకుంటున్నాడు. కడుపు మాడ్చుకోవడం ఆమెకు కష్టమనిపించలేదు గానీ, కట్టుకున్నవాడి ఆ మౌనం మాత్రం భరించలేకపోయింది!

మర్నాడు పొద్దున్నే అత్తగారు క్యాంటీన్లో దిగింది. దొంగను సాక్ష్యంతో సహా పట్టుకోవాలని ఆవిడ పంతం! ఉల్లిపాయల బస్తాల వెనక స్టూలు వేసుకుని మాటు వేసింది.

కోడలు కూర గిన్నె మూత తీసింది. గరిటెతో కాస్త కూర అరచేతిలో వేసుకుని నాకింది. ఉప్పు చాలలేదు, వేసింది. మళ్లీ నాకింది. పక్క గిన్నెలో కారం ఎక్కువైంది, ఏదో కలిపింది. మళ్లీ నాకింది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్తున్న సంగతి ఆమెకే తెలియదు! మధ్యాహ్నం అందరూ కంచాల ముందు కూర్చుంటే, తను మాత్రం మూలన నిలబడి గ్లాసులో పొడి కలుపుకుని, కళ్లు మూసుకుని గటగటా తాగేసింది. అది చూసి అత్తగారు ఇక కూర్చోలేక స్టూలు మీంచి లేచింది.

"పిచ్చి మొద్దూ!" అంటూ బస్తాల వెనక నుంచి ఊడిపడింది. "నలభై మూడు సార్లు! లెక్కపెట్టాను!"

"ఏంటత్తయ్యా నలభై మూడు? అయ్యో, అది తినడం కాదు కదా... రుచి చూడటం!"

"ఆ తేడా నీ కడుపుకు తెలుస్తుందటే?"

కోడలు తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఇరవై ఏళ్ల అలవాటు! వంట చేసేవాళ్లెవరైనా దాన్ని తిండి అనుకుంటారా? ముందు అత్తగారికి నవ్వొచ్చింది, తర్వాత కోడలికి, ఆపైన వంటింట్లో అందరికీ. నవ్వుతూ నవ్వుతూనే ఆ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

"నిన్ను దొంగవన్నాను... నా నోరు పడిపోను! రేపటి నుంచి నువ్వు వండు తల్లీ, రుచి నేను చూస్తా."

అన్నంత పనీ చేసింది! ఏప్రాను కట్టుకుని రోజూ కోడలి పక్కనే నిలబడింది. "చిటికెడు వెయ్యి... చాలు చాలు! కొంప ముంచావు, నీళ్లు పొయ్యి!" అంటూ పెత్తనం చెలాయించింది. పొరపాటున కోడలి అరచెయ్యి పైకి లేస్తే గరిటెతో ఒక్కటేసేది.

పన్నెండో వారం. యంత్రం ఎక్కిన కోడలు అంకెలు చూడలేక కళ్లు మూసుకుంది.

"పన్నెండున్నర తగ్గారు!" డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "ఆపరేషన్ సోమవారం!"

వెంట వచ్చిన భర్త అందరి ముందే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు నీ తరఫున ఒక్క మాట మాట్లాడలేదు... తప్పు నాదే!" అన్నాడు.

ఈ సందట్లో అత్తగారు నెమ్మదిగా తనూ యంత్రం ఎక్కింది. డాక్టరమ్మ తొంగి చూసి, "పెద్దమ్మా, అరవై ఒకటి! ఇదివరకు ఎంతుండేవారు?" అంది.

"యాభై అయిదు. కంగారు పడకు తల్లీ, ఇది నా బరువు కాదు, నా కోడలిది. దాని మోకాళ్లు బాగయ్యేదాకా నేను మోస్తున్నా, అంతే!"

కోడలు ఏడుస్తూ నవ్వుతూ ఆవిడను వాటేసుకుంది.