వీబ్కె రంగు

లైప్‌జిగ్‌లో పెంతెకొస్తు పండగ వచ్చిందంటే ఊరు సగం నల్లబట్టలే. జర్మనీ నలుమూలల నుంచీ గోథిక్ సంగీతప్రియులు జాతరకు దిగుతారు. ట్రాముల్లో నల్ల లేసు గౌన్లు, నల్ల గొడుగులు, సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖాలు. ఎవరూ వింతగా చూడరు. ఏటివార అడవిలోంచి అడవి వెల్లుల్లి ఘాటు వీధుల్లోకి కొట్టుకొస్తూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఆల్ముట్ దుకాణంలో లిప్‌స్టిక్‌ల ముందు ఎటూ తేల్చుకోలేక నిలబడింది. యాభై దాటిన మనిషి. పడుచుతనం నుంచీ ఈ నల్లబట్టల జాతర తప్పింది లేదు. కానీ పెదాలకు రంగు తనంతట తాను కొనుక్కోవడం ఇదే మొదలు. ఎంచేదీ దిద్దేదీ స్నేహితురాలు వీబ్కె. తను నల్లచెర్రీ రంగు పూసుకుని, ఆల్ముట్‌కు మాత్రం వైన్ ఎరుపు దిద్దేది. "నీ మొహానికి ఇది చాల్లేవే. నలుపు నాది," అనేది.

పోయిన శీతాకాలంలో వీబ్కె చనిపోయింది. రాత్రి బాగానే పడుకుంది. తెల్లారి లేవలేదు.

ఆల్ముట్ చేతి మీద గీతలు గీసి చూసుకుంది. ఒకటి ఊదాకు పోతోంది, ఒకటి గోధుమకు. ఆఖరిది నల్లచెర్రీ. నేరేడుపళ్ళు తిన్న నోటిలా ముదురుగా, లోపలెక్కడో ఎర్రగా.

"అది మరీ ముదురండీ," అంది కౌంటర్ పిల్ల. "మీవి సన్నటి పెదాలు కదా, గీత గీసినట్టు అయిపోతాయి. వైన్ రంగు చూపించనా?"

"వద్దమ్మా. ఇదే ఇవ్వు."

"ఎవరికైనా కానుకా?"

"నాకే," అంది ఆల్ముట్.

ఇల్లు చేరేసరికి మబ్బు కమ్మేసి వాన పట్టుకుంది. ఆమెది కింది అంతస్తు, మందపాటి తెరలు. సాయంత్రం కాకముందే గది చీకటైపోయింది. కొవ్వొత్తి వెలిగించి అద్దం ముందు కూర్చుంది. పెదవికి దిద్దబోయింది. రంగు పక్కకు పోయింది. తుడిచింది. మళ్ళీ దిద్దింది, మళ్ళీ చెదిరింది. చివరికి విసిగిపోయి లిప్‌స్టిక్ బల్ల మీద పడేసి, వీబ్కె ముందు కూర్చున్నట్టే గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంది. తన వాలకానికి తనకే నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

"నాకు చేతకావడం లేదే," అని గొణుక్కుంది.

బయట వాన చప్పుడు ఆగిపోయింది. నేలమాళిగ తలుపు తెరిచినట్టు గదిలోకి చలి పాకింది. లవంగాల వాసన వచ్చింది... వీబ్కె కాల్చే సిగరెట్ల వాసన. దాని అడుగున మరో వాసన. తడిమట్టిది.

టక్... మూత తీసిన చప్పుడు.

ఆల్ముట్ కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందేమోనని.

గడ్డం కింద రెండు వేళ్ళు ఆనాయి. చాలాసేపు నీళ్ళలో నానినట్టు మెత్తగా, చల్లగా. పెదవి మీద రంగు మెల్లగా పాకింది.

"బిగించకే... వదులుగా పెట్టు..."

చెవి పక్కనే. ఊపిరి తగల్లేదు. మాట మాత్రమే.

"వీబ్కె..."

"ష్... చెదురుతుంది."

లేచి పరుగెత్తమని ఒళ్ళంతా చెబుతోంది. కానీ ఇన్ని నెలలుగా గుండెల్లో గడ్డకట్టుకున్న దుఃఖం ఆమెను కదలనివ్వలేదు.

"పోకే," అంది కళ్ళు మూసుకునే. "ఇంకెక్కడికీ పోకు. నాతోనే ఉండిపో."

వేళ్ళు ఆగాయి.

"చోటుందా?"

"ఉంది," అంది ఆల్ముట్. ఆలోచించనైనా లేదు.

కళ్ళు తెరిచింది. గదిలో ఎవరూ లేరు. అద్దంలో ముఖం తనదే. పెదాలు మాత్రం... నిండుగా, కింది పెదవి కాస్త ముందుకొచ్చి... గీత దాటించి పూసిన రంగు కాదది. తడిమి చూసుకుంది. కండే. తువ్వాలు తీసుకుని మంటపుట్టేదాకా రుద్దింది. తువ్వాలుకు మరకైనా అంటలేదు.

ఆమె కళ్ళు ఏడుస్తున్నాయి. నోరు నవ్వుతోంది.

ఎటు పోవాలో తోచలేదు. ఉన్నదల్లా వీబ్కె తల్లి హెడ్విగ్ ఒక్కతే. ట్రామెక్కి వృద్ధాశ్రమానికి పరుగెత్తింది. ఏటా జాతరకు ముందు ఇద్దరూ ముస్తాబై వెళ్ళి ఆమెకు కనబడేవాళ్ళు. కనబడటమంటే ఆమె తడిమి చూడటమే. ముసలామెకు చూపు పోయి చాలాకాలమైంది. మతి మాత్రం సూదిమొన. లేసులు తడిమి, "వచ్చారూ మంత్రగత్తెలు!" అని పకపకా నవ్వేది. కూతురి శవపెట్టె మీద మొదటి పిడికెడు మన్ను వేసింది కూడా ఆవిడే.

"ఎవరూ? ఆల్ముటేనా?" అంది హెడ్విగ్ అడుగుల సవ్వడి విని. "రా తల్లీ. నువ్వైనా వస్తావని పొద్దున్నుంచీ చూస్తున్నా. తలుపు వేసి రా, గాలి కొడుతోంది."

ఆల్ముట్ తలుపు వేసి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. ముసలి వేళ్ళు నుదురు తడిమాయి. "ఇంత చెమటేమిటే?" బుగ్గ మీదికి దిగాయి. పెదాల దగ్గర ఆగిపోయాయి.

ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు.

హెడ్విగ్ ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"వీబ్కె...?"

'పిన్నీ, నేను' అనబోయింది ఆల్ముట్. నోట్లోంచి "అమ్మా" అని వచ్చింది.

ముసలామె ఆ తల ఒడిలోకి లాక్కుని, జుట్టులో ముఖం దాచుకుని, పసిపిల్లను ఊపినట్టు ఊపుతూ ఏడ్చింది. కడుపుకోత మోసిన మనిషి. ఎలా వచ్చావని అడిగితే మళ్ళీ పోతుందని భయం. ఆల్ముట్‌కు కూడా ఏడవాలని ఉంది. గొంతులో ఏడుపు లేదు. ఎక్కడ వెతికినా లేదు.

ఉన్నట్టుండి హెడ్విగ్ ఊపడం ఆపింది. తల తలుపు వైపు తిప్పి చెవి రిక్కించింది.

"ఒసే వీబ్కె..." అంది గుసగుసగా. "అవతల ఎవరే, అంతలా ఏడుస్తున్నది? ఆల్ముట్‌లా ఉందే... పాపం, దాన్ని బయటే ఎందుకు వదిలేశావు?"

తలుపు పిడి మెల్లగా కిందికి దిగింది... మళ్ళీ పైకి లేచింది.