యశస్విని నోరు విప్పిన రోజు

మధురానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఉప్మా పోపు వాసన నిండింది. పంజాగుట్టలో తాను పనిచేసే బట్టల దుకాణానికి సురేందర్ బయల్దేరబోతున్నాడు. ఐదో తరగతి చదివే కూతురు యశస్విని బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకంతో ఎదురొచ్చింది.

"డాడీ, గీ పేజీ నువ్వు చదువు. ఎప్పుడూ మమ్మీయే చదువుతది. ఈసారి డాడీలతోని చదివించుమన్నది టీచర్."

"టైం లేదు బిడ్డా."

"జర్రంతనే ఉంది డాడీ!"

కాదనలేక పుస్తకం అందుకున్నాడు. రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయాడు. ఒత్తులు రాగానే నాలుక తడబడింది. చిన్నప్పుడే బడి మానేసిన సంగతి అతను కూతురికి ఎన్నడూ చెప్పలేదు. తండ్రి ఆటపట్టిస్తున్నాడనుకుని యశస్విని కిలకిలా నవ్వింది.

"గట్ల కాదు డాడీ, మంచిగ చదువు!"

చెంప ఛెళ్ళుమంది. పాప గోడకు గుద్దుకుని కింద పడింది. సురేందర్ పుస్తకాన్ని నిలువునా చీల్చి విసిరికొట్టాడు.

"నన్నే ఎక్కిరిస్తవా? గీ పుస్తకాలు బంద్! బడి సుత బంద్!"

వంటింట్లోంచి భార్య మధులత పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. "పసిపిల్లనా నువ్వు కొట్టేది? బుద్ధుందా?"

జుట్టు పట్టి ఆమెను ఒక్క తోపు తోశాడు. నుదురు బీరువా అంచుకు తగిలి చిట్లింది. నెత్తురు కనుబొమ్మ మీదుగా మెడలోకి కారింది. అయినా అతని చెయ్యి మళ్ళీ లేచింది. ఆ చేతిని పక్క గదిలోంచి వచ్చిన అతని తల్లి పోచమ్మ రెండు చేతులా ఒడిసిపట్టింది.

"మీ నాయన నన్ను గిట్లనే కొడుతుంటే మంచం కింద దూరి ఏడ్చెటోనివి. యాది లేదారా? ఇయ్యాల నీ బిడ్డ ఏడున్నదో వంగి సూడు!"

సురేందర్ వంగి చూడలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మధులత నుదుటికి కుట్లు వేయించుకుని, పాపతో ఎర్రగడ్డలోని అన్న ఇంటికి వెళ్ళిపోయింది. సురేందర్ ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. వారం గడిచాక అతను బిడ్డను చూద్దామని బడికి వెళ్ళాడు.

"అందరికంటే మంచిగ చదివేది," అంది భూలక్ష్మి టీచర్. "ఇప్పుడు నోరే తెరుస్తలేదు. ఇంట్ల ఏమైంది?"

టీచర్ లోపలికి వెళ్ళాక అతను వరండాలోనే నిలబడ్డాడు. లోపల పిల్లలు పుస్తకాలతో గుండ్రంగా కూర్చున్నారు. పై అరలోని పుస్తకం తీద్దామని టీచర్ చెయ్యి ఎత్తింది. అంతే, యశస్విని రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. మిగతా పిల్లలెవరూ బెదరలేదు.

కిటికీ చువ్వలు పట్టుకుని సురేందర్ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఎర్రగడ్డ వెళ్ళాడు. మధులత గుమ్మంలోనే ఆపింది.

"ఇంకొక్కసారి చెయ్యి లేసిందంటే పోలీస్ స్టేషన్‌లనే మాట్లాడుకుందాం."

"లేవదు మధూ." తల్లి వెనక నిలబడ్డ కూతుర్ని చూశాడు. "నాకు సదువ రాదు బిడ్డా. నువ్వు ఎక్కిరించలేదు. నాకే సిగ్గయింది, నిన్ను కొట్టిన. తప్పంతా నాదే. నువ్వు సదువుతవా? నేనింట."

యశస్విని తల్లి కొంగు వదల్లేదు. అలాగే వీధి మెట్టు వైపు వేలు చూపించింది.

"నువ్వు గాడ కూసో. లోపలికి రాకు."

సురేందర్ వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపలి నుంచి వణుకుతున్న చిన్న గొంతు కథ మొదలుపెట్టింది. బిడ్డ భయపడుతుందేమోనని అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.