శిష్యురాలి సైటేషన్లు

మధ్యాహ్నం 12.20.

పరిశోధకురాలు క్లాసు ముగించుకుని తన గదికి వచ్చింది. సొరుగు తెరిచి ఉంది. హార్డ్‌డిస్క్ లేదు.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది.

ఇన్‌స్పెక్టర్ 12.40కి వచ్చాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. ఆ డిస్కులో ఆమె తన పద్ధతిని పరీక్షించిన నాలుగు వేల మంది రోగుల స్కాన్లున్నాయి. ఫొటోను గజిబిజి చుక్కలుగా మార్చేసి, రహస్య సంఖ్య తెలిసినవాళ్లకే మళ్లీ ఫొటోగా కనిపించేలా చేసే పద్ధతి ఆమెది. ఇమేజ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. దాని మీద ఆమె రాసిన పేపర్‌ను వేరే పరిశోధకులు తమ పేపర్లలో ప్రస్తావించిన ప్రతిసారీ ఆమె ఖాతాలో ఒక సైటేషన్ చేరుతుంది. ఆ లెక్క పెరిగినకొద్దీ డిపార్ట్‌మెంటులో సగం మందికి ముద్ద దిగడం లేదు.

ఈలోగా ఆ ఫలితాలన్నీ కట్టుకథలని జర్నల్‌కి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. సాయంత్రం అయిదుకు జర్నల్ పంపిన నిపుణుడు వస్తున్నాడు. అసలు స్కాన్లు చూపించకపోతే పేపర్ రద్దు. ఆసుపత్రి ఒప్పందం ప్రకారం రెండో కాపీ తీయకూడదు. పేపర్ పోతే ఆమె ఉద్యోగం, పరువు రెండూ పోతాయి.

గది తాళాలు ఇంకో ముగ్గురి దగ్గరున్నాయి. టెక్నీషియన్, అదే గదిలో కూర్చునే అధ్యాపకుడు మీసాలాయన, ఆమెకు పరిశోధన నేర్పిన గైడు.

టెక్నీషియన్ 11.00 నుంచి 12.30 దాకా నలభై మంది విద్యార్థుల ముందు ప్రొజెక్టర్ బాగుచేస్తూ ఉన్నాడు. మీసాలాయన క్యాంటీన్‌లో ఒంటరిగా కాఫీ తాగానన్నాడు. సాక్షి లేడు.

గైడు పరీక్ష హాల్లో డ్యూటీలో ఉన్నాడు. 1.02కి ఇన్‌స్పెక్టర్ ఆయన్ను హాలు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"మీ ఫోన్ ఏదండీ?"

"ఆఫీసు లాకర్లో. తొమ్మిదిన్నరకు పెట్టాను. ఇంకా తీసుకోలేదు."

"కంప్యూటర్?"

"పొద్దున్నుంచీ ముట్టుకోలేదు."

"ఆవిడంటే మీకు అసూయ లేదా?"

గైడు నవ్వాడు. "కూతురంటే తండ్రికి అసూయేమిటండీ? పన్నెండు వందల నాలుగు సైటేషన్లు. మా డిపార్ట్‌మెంటులో ఇంకెవరికున్నాయి? నా చేతుల్లో పెరిగిన పిల్ల."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో ఆ అంకె రాసుకున్నాడు. తర్వాత హాలు రిజిస్టర్ తిరగేశాడు. గైడు 11.50 నుంచి 12.00 దాకా బయటికి వెళ్లాడు.

3.30కి అందరినీ ఆమె గదిలో కూర్చోబెట్టాడు. చూపులన్నీ మీసాలాయన మీదే ఉన్నాయి. ఆయనకు ఒళ్లు మండింది.

"అవును, నాకు కుళ్లే. నోటీసు బోర్డులో ఆవిడ ఫొటో చూస్తే కడుపు మండుతుంది. అయితే మాత్రం దొంగతనం చేస్తానా?"

"ఆవిడ సైటేషన్లు ఎన్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పదకొండు వందల ఎనభై ఏడు. పొద్దున్నే చూశాను. రోజూ చూస్తాను."

పరిశోధకురాలు తలెత్తింది. "అది పాత లెక్క. 11.20కి పెరిగింది. పన్నెండు వందల నాలుగు. ఎవరికీ చెప్పలేదు. స్క్రీన్ మీద అలాగే వదిలేసి క్లాసుకు వెళ్లాను."

"స్క్రీన్ లాక్ చెయ్యలేదా?"

"మర్చిపోయాను."

లోకానికంతా తాళాలు తయారుచేసే మనిషి సిగ్గుపడింది.

ఇన్‌స్పెక్టర్ గైడు వైపు తిరిగాడు. "ఫోన్ లాకర్లో ఉంది. కంప్యూటర్ ముట్టుకోలేదు. మరి కొత్త అంకె మీకెలా తెలిసింది సార్? ఆ పది నిమిషాల్లో మీరు ఈ గదికే వచ్చారు. స్క్రీన్ చూడకుండా ఉండలేకపోయారు. నా తర్వాత ఉద్యోగంలో చేరినవాడు ఇప్పుడు నాకు పైఅధికారి. అతనికెన్ని పతకాలొచ్చాయో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అందుకే మీ నోటివెంట ఆ అంకె రాగానే నాకు అనుమానమొచ్చింది."

ఇన్‌స్పెక్టర్ ఆయన చేతిసంచి తెరిచాడు. పుస్తకాల కింద డిస్క్ ఉంది.

"ఆ ఉత్తరం కూడా మీరే రాశారా సార్?" అని ఆమె అడిగింది.

ఆయన తలూపాడు. "నీ పేపర్‌కి పునాది నా పాతికేళ్ల పని. ఒక్కడూ తిరిగి చూడలేదు. నువ్వు రెండేళ్లలో ఎక్కేశావు. ఓర్చుకోలేకపోయాను."

"నా పేపర్లో మొదటి రిఫరెన్సు మీదే. ఆ పేపర్ రాకముందు మీకు ముప్పై ఒక్క సైటేషన్లు. నన్ను చదివినవాళ్లంతా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు నాలుగు వందలు దాటాయి. చూసుకోలేదా?"

గైడు ఆమె ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"నావి చూసుకోవడం ఎప్పుడో మానేశాను తల్లీ. నీవే చూసేవాణ్ణి."

మీసాలాయన తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు కాగితం ఆమె ముందుకు జరిపి, ఆలోచించుకోమన్నాడు. ఒక్క డిస్క్ తీసి ఊరుకునుంటే క్షమించేదాన్నని, దొంగ పేపర్ అన్న మాట మాత్రం క్షమించలేనని ఆమె చెప్పింది. కళ్లు తుడుచుకుని సంతకం చేసింది. తర్వాత డిస్కును కంప్యూటర్‌కి తగిలించి, నిపుణుడి కోసం మొదటి స్కాన్ తెరిచింది.