మళ్ళొస్త అవ్వా

నమ్మి చెడినవారు లేరంటారు పెద్దలు. ప్రణీత మాత్రం ఎవరినీ నమ్మకుండానే బాగుపడదామనుకునే రకం. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే బస్సులో పక్క సీటామె ఇన్ని అటుకులు పెడితే, ఈమె నాకెందుకు పెడుతోందా అని కామారెడ్డి దాకా ఆలోచించింది.

ఆ రోజు సీటు తేలిపోయే రోజు మరి. ఫిజీషియన్ అసిస్టెంట్ పీజీ కోర్సులో ఒకే ఒక్క సీటు మిగిలింది. డాక్టరు కన్నా ముందు రోగిని పలకరించి, బాధ అడిగి, నాడి చూసి, అంతా డాక్టరుకు విప్పి చెప్పే పని అది. ప్రణీతకు ఆ పనంటే ప్రాణం. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ రాకపోతే చదువు మాట ఎత్తొద్దని బాపు గంగారాం ఖరాఖండిగా చెప్పేశాడు.

పోటీలో మిగిలింది ఇద్దరే. ఎల్లారెడ్డిలో తనతో పాటు అదే చిన్న ఆసుపత్రిలో పనిచేసే శైలేందర్ రెండోవాడు. వాడి పరీక్ష ముందే అయిపోయింది. చెమట తుడుచుకుంటూ కామారెడ్డి కాలేజీ వరండాలోకి వచ్చాడు.

"లోపట గ్లోరమ్మ ఉన్నది. రిటైరైన నర్సు. పేషెంటు లెక్క నటిస్తది. బొద్దుగుంటది, కండ్లద్దాలు. సంకల రబ్బరు బంతి వెట్టుకొని నాడి దొరకనియ్యది. దొరకకపోతే దొరకలేదనే చెప్పు. మార్కులేసే అరుణ్‌కుమార్ సారు పక్క గదిల పరద వెనకాల కూసోని ఉత్త మాటలే ఇంటడు. వచ్చేటప్పుడు మళ్ళొస్త అని చెప్పుడు మరువకు. దానికి మస్తు మార్కులున్నయ్."

"నాకెందుకు చెప్తున్నవ్ ఇవన్ని?" అంది ప్రణీత.

శైలేందర్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. మళ్ళొస్త అన్న మాట అసలే నచ్చలేదు.

యాసంగి నాట్లప్పుడు నాగిరెడ్డిపేటలో సుభద్రమ్మ అనే ముసలామె గుండెజబ్బుతో పోయింది. పొలంలోనే పూడ్చారు. చివరి రోజుల్లో ఇంటికి వెళ్లి ఇంజక్షన్లు ఇచ్చింది ప్రణీతే. పోయిననాడూ వెళ్లింది. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టడానికి సమయానికి దారం దొరక్కపోతే, తన సంచిలోని, పుండ్లకు కట్లు కట్టే గాజుగుడ్డ చింపి తానే కట్టింది. లేస్తూ లేస్తూ, రోజూ అనే అలవాటు కొద్దీ, "మళ్ళొస్త అవ్వా" అనేసింది. ఏడుస్తున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఊరుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే బాపు మొహం మాడిపోయింది. "సావు ఇంట్లకెళ్లి చెప్పకుంట లేసి రావాలె బిడ్డా. మళ్ళొస్త అంటరా ఎవలన్న?"

పేరు పిలిచారు. ప్రణీత తలుపు తోసింది.

సాయంత్రమే అయినా ముసురుకు గది నల్లగా ఉంది. కరెంటు లేదు. కిటికీ రేకు మీద చినుకులు ఆగి ఆగి పడుతున్నాయి. మందుల వాసన ఉండాల్సిన చోట పొలం బురద వాసన, దాని కింద పచ్చి పసుపు వాసన. మంచం మీద దుప్పటి కప్పుకుని, మొహం మీదికి కొంగు లాక్కుని ఎవరో పడుకున్నారు. బొద్దుగా లేదు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

మనిషిని మార్చారు, అనుకుంది ప్రణీత. లేకపోతే శైలేందర్ అబద్ధం చెప్పాడు.

"నమస్తే అవ్వా. నా పేరు ప్రణీత. ఏమైతుంది నీకు?"

"దమ్ము ఆడుతలేదు బిడ్డా," గుసగుసగా వచ్చింది జవాబు.

"ఎప్పటిసంది?"

"యాసంగి నాట్లప్పటిసంది."

చెయ్యి పట్టుకుంది. బావినీళ్లంత చల్లగా ఉంది. ఐసు ముక్క పట్టుకుని ఉంటుంది, వీళ్ల వేషాలు నాకు తెలియవా అనుకుంది. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి, పక్క గదికి వినబడేలా చెప్పింది.

"కుడి చేతి నాడి దొరకలేదు సార్. ఎడమది కూడా దొరకలేదు."

పరదా వెనక పెన్ను గీసిన చప్పుడు. రెండు సంకల్లోనూ బంతులే, అని లోలోపల మురిసిపోయింది. గుండెజబ్బయితే పాదాల వాపు చూడాలి. దుప్పటి కొస ఎత్తింది.

బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి ఉన్నాయి. గాజుగుడ్డతో. కుట్లేసేటప్పుడు తను వేసే రెండు పేటల ముడి. గుడ్డ నిండా ఎండిన బురద.

మరుక్షణమే కోపం వచ్చింది. ఆ రోజు తనను బండి మీద నాగిరెడ్డిపేటకు తీసుకుపోయింది శైలేందరే. ముడి చూసినవాడు వాడే. సీటు కోసం ఇంత నాటకమా! అనుమానం పెనుభూతమంటారు గానీ, ఆ క్షణాన ఆమెను నిలబెట్టింది అనుమానమే.

సంకలో బంతి చేతి నాడిని ఆపుతుంది. మెడను ఆపలేదు. దొంగవేషం బయటపెడతానని కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి మెడ మీద వేళ్లు ఆనించింది.

ఏమీ లేదు...

ఇంకాస్త నొక్కింది. ఏమీ లేదు. కొంగు జారింది. ముక్కు రంధ్రాల్లో దూది...

"వస్తనంటివి గద బిడ్డా," అంది సుభద్రమ్మ. "ఎన్నొద్దులాయె."

ప్రణీతకు ఏడుపు ముంచుకొచ్చింది. పరదా అవతల పెన్ను ఆగింది. ఆయన సెలవు మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాట అంటే సీటు. అనకపోతే ఇంటి మొహం. అంటే... ఎవరికి మాటిచ్చినట్టు?

పళ్ల కింద పెదవులు బిగబట్టింది. వెనక్కి చూడలేదు. చావింట్లోంచి లేచి వచ్చినట్టు, చెప్పకుండా బయటికి వచ్చేసింది. సీటు పోయిందని తెలుసు. పోతే పోయింది, బతికాను అనుకుంది.

డాక్టర్ అరుణ్‌కుమార్ తన గదిలోంచి వరండాలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మస్తు చేసినవమ్మా. నాడి దొరకలేదని ధైర్యంగ చెప్పినవ్. ఇగ చివర్ల ఎంత ప్రేమగ అన్నవ్, మళ్ళొస్త అవ్వా అని. నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయ్. సీటు నీదే."

ప్రణీత నోరు తెరవబోయింది. పెదవి మీద రక్తం ఉప్పగా తగిలింది.

ఆయన తలుపు వైపు తిరిగి పిలిచాడు. "అయిపోయింది గ్లోరమ్మా. ఇగ బయటికి రాండ్రి."

"వస్తున్న సార్," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. అది ప్రణీత గొంతే.