తాతయ్యకు కనబడని అక్షరాలు

మధ్యాహ్నం నుంచి అక్క కంప్యూటర్ ముందు కూర్చుని బుడంకాయ అక్షరాలు మారుస్తోంది. ఇంట్లో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. పదేళ్లొచ్చినా ఆ పేరు వదల్లేదు.

అమ్మమ్మ పోయి నెల దాటింది. అప్పటినుంచి తాతయ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఇల్లంతా దిగులుగా ఉంది. అందుకే వెబ్‌సైట్లు తయారుచేసే అక్క, అమ్మమ్మ మాటలన్నీ పోగుచేసి తాతయ్య కోసం ఒక పేజీ చేసింది. అక్షరాలు ఏ తీరులో కనబడాలో, అంటే ఫాంట్ ఏదో ఎంచే పని చెల్లెలికి అప్పగించింది.

"నచ్చిన ఫాంట్‌లో పేజీ మొత్తం పెట్టి చూడు. ఫోన్‌లో కూడా చూడు. తర్వాత ఎవరైనా పెద్దవాళ్లతో చదివించు," అని చెప్పి ఆఫీసుకు వెళ్లింది.

బుడంకాయ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. పెద్ద స్క్రీన్ మీద తన పేరొక్కటే టైప్ చేసుకుంది. తీగలా సన్నగా మెలికలు తిరిగే ఫాంట్ కనబడగానే మనసు పారేసుకుంది. రంగు లేత బూడిద పెట్టింది. ఎవరి పిచ్చి వాళ్లకానందం కదా! పేజీ చివర తనే ఒక ముక్క కలిపింది: "తాతయ్యా, ఇది చదవగానే నన్ను పిలువు."

సాయంత్రం తాతయ్య చేతికి ఫోన్ ఇచ్చి, గుమ్మం పక్కన కూర్చుని ఎదురుచూసింది. ఎంతసేపటికీ పిలుపు రాలేదు. ఉండబట్టలేక తనే వెళ్లి అడిగింది.

"బాగుందమ్మా," అన్నారాయన. ఫోన్ తిరిగిచ్చేశారు.

బుడంకాయ మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. "బాగుందని ఊరుకున్నారు. తాతయ్యకు అమ్మమ్మంటే ఇష్టమే లేదు," అంది అమ్మతో.

అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఆ మాట వింటే ఆయన గుండె పగులుతుంది. కళ్లు పూర్తిగా పోతున్నాయేమోనని ఇందాకే నాతో అన్నారు. ఒక్క అక్షరం కూడా కనబడలేదట. నువ్వు చిన్నబుచ్చుకుంటావని బాగుందన్నారు."

తాతయ్య తన కళ్లనే అనుమానించుకున్నారు కానీ మనవరాలి పనిని తప్పుపట్టలేదు. ఆ పిల్లకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు ఫోన్ పట్టుకుని తాతయ్య పక్కన కూర్చుంది. "తప్పు నీ కళ్లది కాదు తాతయ్యా, నాది. వీటిలో నీకు ఏది కనబడుతోందో చెప్పు."

ఒక్కో ఫాంట్ మారుస్తూ అమ్మమ్మ మాటలే చూపించింది.

"సన్నం... ఇది అలుక్కుపోతోంది... ఇదైతే ఫరవాలేదు."

అది లావుగా, నల్లగా, ఏ సోకూ లేని ఫాంట్. బుడంకాయకు ఏమాత్రం నచ్చలేదు. దాన్నే పెట్టింది.

తాతయ్య మెల్లగా పైకి చదివారు. "మీ తాతయ్య కోపమొచ్చినా బాధొచ్చినా నోరు విప్పరు. అప్పుడు ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాలి..."

అక్కడ ఆగిపోయారు.

"కనబడటం లేదా? ఇంకా పెద్దవి చెయ్యనా?"

"కనబడుతోందమ్మా," అన్నారు తాతయ్య. "అందుకే ఆగాను."

ఆయన మళ్లీ మొదలుపెట్టేదాకా బుడంకాయ ఫోన్ కదలకుండా పట్టుకుని కూర్చుంది.