మౌనతొడుగు

2081 నాటికి భీమిలి పిల్లలు బడికి వెళ్లడం మానేశారు. బడే కొండ మీది టవర్ నుంచి వాళ్ల కళ్లద్దాల్లోకి దిగివచ్చేది. పడవలకు దారి చెప్పాలన్నా, ఆసుపత్రిలో నాడి చూడాలన్నా ఆ టవరే దిక్కు. మనుషులు అంత దూరం వచ్చారు గానీ, ఉన్న చోటును పంచుకోవడం మాత్రం అప్పటికీ చేతకాలేదు. ఆ ఒక్క టవర్ మీదే ఐదు సంస్థలు కాపురముండేవి.

వాటిలో ఒకటైన తీరవాణి రేడియో పైన ప్రసారం మొదలుపెట్టగానే దాని తరంగాలు కింది నెట్‌వర్క్ సంస్థ కేబుల్‌లో దూరి డేటాను చిందరవందర చేసేవి. పొడవాటి రాగితీగ ఎవరూ అడగకపోయినా యాంటెన్నాలా పనిచేస్తుంది మరి. రేకు చుట్టారు, ఎర్తింగ్ ఇచ్చారు. రొద తగ్గింది గానీ పోలేదు. దాంతో నెట్‌వర్క్ వాళ్లు రోజూ పక్కనున్న రేడియో గదికి వెళ్లి పేచీ పెట్టుకోవడం, ఆఖరికి వాళ్లిచ్చిన టీ తాగి రావడం.

నెట్‌వర్క్ ఇంజనీరు అలివేణికి ఈ రాయబారాలంటే ఒళ్లుమంట. ఆరేళ్లు శ్రమించి మౌనతొడుగు కనిపెట్టింది. అది కేబుల్‌కు చర్మంలా అతుక్కునే పొర. చొరబడే తరంగాన్ని పసిగట్టి, సరిగ్గా దానికి ఎదురైన ప్రతితరంగాన్ని పుట్టించేది. రెండూ కలిసి సున్నా అయ్యేవి. తీగలో రొద ఎంతుందో అడిగితే నోటితో చెప్పేది కూడా. ఇక ఫిర్యాదులు లేవు. అలివేణి పక్క గది గడప తొక్కి ఏడాది దాటింది. అది తన విజయమనే అనుకుంది.

ఒక ఉదయం టవర్ పైనున్న నెట్‌వర్క్ వాళ్ల యాంటెన్నా బిగింపు వదులైంది. ముప్ఫై ఏళ్లుగా టవర్లెక్కుతున్న సన్యాసయ్య నడుముకు బెల్టు కట్టుకున్నాడు. మూడో అంతస్తు దాటాలంటే రేడియో ప్రసారం ఆపి తీరాలి. లేకపోతే ఆ శక్తికి ఒళ్లు ఉడికిపోతుంది.

"రేడియో రొద ఎంతుంది?" అని అలివేణి తొడుగును అడిగింది.

"సున్నా," అంది తొడుగు.

ఆ టవర్ మీద రొద లేదంటే ప్రసారం లేదనే అర్థం. తొడుగు రాకముందు నుంచీ అందరికీ అదే అలవాటు. ఆ కేబుల్‌కే తగిలించిన ఇయర్‌ఫోన్‌లో సన్యాసయ్య కూడా విన్నాడు.

"సప్పుడు లేదమ్మా. ఆపేసినట్టున్నారు. ఎక్కేత్తన్నాను."

మూడో అంతస్తు దాటిన కాసేపటికి ఆయన గొంతు మారిపోయింది. "అమ్మా, ఇనుము ముట్టుకుంటే సురుక్కుమంటంది! సేతులు కాలిపోతన్నాయి!"

"దిగిపో బాబాయ్, దిగిపో!" అలివేణి కేక పెట్టింది. "సున్నా అన్నావు కదే!" అని తొడుగు మీద విరుచుకుపడింది.

"మీ తీగలో సున్నా. బయట పూర్తిస్థాయిలో ఉంది. బయటి సంగతి మీరు అడగలేదు."

పక్క గదికి పరుగెత్తింది. అక్కడ తనెప్పుడూ చూడని కుర్ర ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. ఆమె కేకకు బిత్తరపోయి స్విచ్చి కట్టేశాడు.

సన్యాసయ్య ప్రాణాలతో దిగాడు. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ఆయన్ని ఆసుపత్రికి పంపించాక, తప్పు తనదేనని తెలిసి కూడా అలివేణి ఆ కుర్రాడి మీద అరిచింది.

"పైన మా మనుషులు పనిచేస్తుంటారని తెలీదా? ఒక్కసారైనా వచ్చి అడగొచ్చు కదా!"

అతను తల దించుకున్నాడు.

"నేను చేరి పది నెలలైందండీ. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మీరు గది ఖాళీ చేసి వెళ్లిపోయారనుకున్నాను."